శ్రీరామనవమి కోలాటం: మోకాలి కింద కాలు కోల్పోయిన ఒక అమ్మాయి, ఆమె అభిమాన నర్తకి (కేస్ స్టడీ)

ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. పేరు, ఊరు మాత్రం వద్దంది. అందుకని ఇక్కడ పేరు లేదు. వయసు, తేదీలు కొద్దిగా అటూ ఇటూ మార్చాను. కాలి సంగతి, ఆమె అన్న మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేను కోస్తాలోని ఒక జిల్లా కేంద్రంలో ఫిజియోథెరపిస్టుని. ప్రమాదంలోనో, షుగరు వల్లనో కాలు పోయినవాళ్ళకు మళ్ళీ నడక నేర్పడం నా పనిలో సగం. ఈ పనిలో అందరం వాడే మందు ఒకటుంది. "ఫలానా ఆవిడను చూడు, కాలు లేకపోయినా ఎంత సాధించిందో" అన్న మాటే ఆ మందు. డాక్టర్లం వాడతాం, బంధువులు వాడతారు, పక్క మంచం రోగి కూడా వాడతాడు. దానికి మోతాదు ఎక్కడా రాసి ఉండదు. ఈ కేసులో ఆ మందు మొదట మేలు చేసింది, మధ్యలో పుండు చేసింది, చివరికి మళ్ళీ పనికొచ్చింది. మధ్యలో జరిగిన దానిలో నా తప్పు కూడా ఉంది కనుక వివరంగా రాస్తున్నాను.

వచ్చినప్పటి స్థితి

వయసు 20, డిగ్రీ రెండో సంవత్సరం. నవంబరు మూడో వారంలో స్కూటీ మీద కాలేజీకి వెళుతుంటే ఇసుక ట్రాక్టరు తగిలింది. కుడి కాలు పిక్క దగ్గర నుజ్జయింది. రక్తప్రసరణ తిరిగి రాకపోవడంతో మూడో రోజు మోకాలి కింద 14 సెంటీమీటర్లు ఉంచి తీసేశారు. మోకీలు దక్కింది. నడక నేర్పేవాళ్ళకు దీనికి మించిన ఆస్తి లేదు. మోకాలి కింద పోతే కృత్రిమ కాలితో నడవడానికి మామూలు కంటే పాతిక శాతం దాకా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. మోకాలి పైన పోతే ఆ ఖర్చు దానికి రెండింతలు మించవచ్చు.

కుట్లు విప్పాక, డిసెంబరు రెండో వారంలో నా దగ్గరికి తీసుకొచ్చారు. మిగిలిన కాలి భాగాన్ని మేము స్టంప్ అంటాం. అది కింద ఉబ్బి, పైన సన్నగా బల్బులా ఉంది. క్రేప్ బ్యాండేజీ పైన బిగించి, కింద వదులుగా చుట్టినందువల్ల నీరంతా కిందికి దిగింది. మోకాలు పూర్తిగా చాపలేకపోతోంది, 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతోంది. నెల రోజులు మోకాలి కింద మెత్తటి దిండు పెట్టారు. నొప్పి తగ్గుతుందని, బిడ్డ సుఖంగా పడుకుంటుందని ప్రేమతో పెట్టిన దిండు అది. దాని వల్లే కీలు వెనుక కండరాలు బిగుసుకున్నాయి. కాలు తీసిన వాళ్ళున్న ప్రతి ఇంటికీ ఈ ఒక్క మాట చేరితే నాకు సగం పని తగ్గుతుంది: దిండు పెట్టకండి.

రాత్రిళ్ళు లేని కాలు నొప్పి పెట్టేది. "బొటనవేలిని ఎవరో మెలిపెడుతున్నట్టు ఉంటుంది మేడం. చెయ్యి పెడితే అక్కడ దుప్పటే తగులుతుంది" అంది. ఇది భ్రమ కాదు, పిచ్చి కాదు. మెదడులో ఆ కాలికి ఉన్న చోటు ఇంకా అలాగే ఉంటుంది. మన దేశంలో పుట్టి కాలిఫోర్నియాలో పరిశోధన చేసిన వి.ఎస్.రామచంద్రన్ 1990ల్లో దీనికి అద్దం చికిత్స కనిపెట్టారు. రెండు కాళ్ళ మధ్య నిలువుటద్దం పెట్టి, ఉన్న కాలి వేళ్ళు కదిలిస్తూ అద్దంలో చూడాలి. లేని కాలు కదిలినట్టు మెదడుకు కనిపిస్తుంది. ఇంట్లో బీరువా తలుపుకు ఉన్న అద్దం ఊడదీసి వాడుకున్నారు. మూడు వారాల్లో రాత్రి నిద్ర కుదిరింది.

ఇంకొక్క విషయం ఆమె చెప్పలేదు, వాళ్ళమ్మ చెప్పింది. ఊళ్ళో రామాలయం కోలాట బృందంలో ఎనిమిదో ఏట నుంచి ఆడుతోందట. 16 మంది ఆడపిల్లలు. ఏకకోలాటం, జంట కోలాటం, చివర్న జడకోలాటం. కోలాటంలో ఒక్కో అడుగుల వరసను కోపు అంటారు. ఏ కోపు తర్వాత ఏ కోపు ఎత్తుకోవాలో ముందుండి అందించేది ఈమే. తల్లి ఇదంతా చెబుతున్నంతసేపూ ఆ పిల్ల కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

తల్లి తెచ్చిన కథ

తల్లికి యాభై ఏళ్ళు ఉంటాయి. పదేళ్ళ వయసులో పక్క టౌన్లో అక్కతో కలిసి 'మయూరి' సినిమా చూసింది. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో, రామోజీరావు ఉషాకిరణ్ మూవీస్ పతాకం మీద నిర్మించిన ఆ సినిమాలో సుధా చంద్రన్ తన కథను తానే నటించారు. తెర మీద కనిపించే ఆ కాలు నిజంగానే కృత్రిమ కాలని, ఆ పిల్ల నిజంగానే దానితో ఆడుతోందని తెలిసి హాలంతా ఏడ్చిందట. ఆ నటనకు జాతీయ అవార్డుల్లో జ్యూరీ ప్రత్యేక పురస్కారం వచ్చింది. నలభై ఏళ్ళు ఆ కథను మనసులో మోసుకున్న తల్లి, కూతురి కాలు తీసిన వారానికే ఆస్పత్రి మంచం మీద ఫోనులో ఆ సినిమా పెట్టి చూపించింది.

తెలియని వాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా. సుధా చంద్రన్ 1965లో పుట్టిన భరతనాట్య కళాకారిణి, ముంబయిలో పెరిగారు. 1981లో తమిళనాడులో బస్సు ప్రమాదం జరిగింది. గాయం కుళ్ళి గ్యాంగ్రీన్‌గా మారడంతో కుడి కాలు మోకాలి కింద తీసేశారు. అదే ఏడాది జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు రూపొందించిన వైద్యుడు పి.కె.సేథీకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ వార్త చదివి ఆమె ఆయన్ను వెతుక్కుంటూ వెళ్ళారు. 1984 జనవరిలో ముంబయిలో మళ్ళీ వేదిక ఎక్కారు.

ఈ కథ ఆ అమ్మాయిలో ఏదో కదిలించింది. మొదటి రెండు వారాల్లో నాకు పెద్ద చిక్కు, బోర్లా పడుకోబెట్టడం. తుంటి, మోకాలు బిగుసుకోకుండా ఉండాలంటే రోజుకు మూడుసార్లు ఇరవై నిమిషాల చొప్పున బోర్లా పడుకోవాలి. విసుగు పుట్టించే వ్యాయామం. రెండో రోజే "నాకు ఇది వద్దు" అని మొహం తిప్పుకుంది. అప్పుడు నేను అన్నాను: "సుధా చంద్రన్ ఇవన్నీ చేయకుండానే స్టేజీ ఎక్కి ఉంటారా?"

మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆ రోజు నుంచి చెప్పకముందే బోర్లా తిరిగేది. ఎనిమిది ఆకారంలో బ్యాండేజీ చుట్టడం తనే నేర్చుకుని రోజుకు నాలుగుసార్లు విప్పి చుట్టుకునేది. జనవరి చివరికి మోకాలు 15 నుంచి 3 డిగ్రీలకు వచ్చింది. స్టంప్ నీరు దిగి ఒద్దికైన ఆకారానికి వచ్చింది. నేను సంతోషపడ్డాను. నోట్సులో "రోల్ మోడల్ ప్రభావం బాగుంది, కొనసాగించాలి" అని రాసుకున్నాను. ఎంత మోతాదులో, ఎంతకాలం అని రాసుకోలేదు.

మా దగ్గర ప్రతి రోగి చేతా ఒక అట్ట ముక్క మీద లక్ష్యం రాయిస్తాం. "బాత్రూముకు ఒంటరిగా వెళ్ళాలి", "బస్సు ఎక్కాలి" లాంటివి. ఈమె రాసింది: "శ్రీరామనవమికి కోలాటం." ఏప్రిల్ మధ్యలో పండుగ. అప్పటికి ఇంకా కాలే రాలేదు. నేను వద్దనలేదు. వద్దనడానికి నోరు రాలేదు.

కాలు వచ్చింది

ఫిబ్రవరి మొదటి వారంలో జైపూర్ కాలు అమరింది. 1960ల చివర్లో జైపూర్ ప్రభుత్వాస్పత్రిలో సేథీ, రామచంద్ర శర్మ అనే శిల్పకారుడు కలిసి దీన్ని తయారు చేశారు. శర్మ గారిని అందరూ మాస్టర్‌జీ అనేవారు. ఈ కథలో ఆయన పేరు తక్కువగా వినిపిస్తుంది, అది నాకు బాధ. అప్పటి విదేశీ పాదాలు బూటు లోపల ఉండాల్సి వచ్చేది. ఈ పాదం రబ్బరుతో చేసినది కనుక ఉత్తికాళ్ళతో నడవవచ్చు, పొలంలో దిగవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, కింద మఠం వేసుకోవచ్చు. గుడి ముందు చెప్పులు విప్పి ఆడే కోలాటానికి ఇంతకంటే తగిన పాదం నాకు తెలియదు.

పాదం కంటే ముఖ్యం సాకెట్, అంటే స్టంప్ కూర్చునే గిన్నె. బరువు స్టంప్ అడుగున పడకూడదు. మోకాలిచిప్ప కింద ఉండే గట్టి స్నాయువు మీద, పిక్క పక్కల మీద పడాలి. బయటి వైపు పొడుచుకొచ్చే చిన్న ఎముక తల మీద, ముందు ఎముక చివర మీద అసలు ఒత్తిడి ఉండకూడదు. మధ్యలో నూలు సాక్సులు వేస్తాం. మొదటి ఏడాది స్టంప్ కుంచించుకుపోతూనే ఉంటుంది. పొద్దున ఒక సాక్సు సరిపోతే సాయంత్రానికి రెండు కావాలి. వేయకపోతే కాలు గిన్నెలోకి దిగిపోయి అడుగు తగులుతుంది.

మొదటి రోజు అరగంట చొప్పున రెండుసార్లు. విప్పాక చర్మం ఎర్రబడిన చోట పది నిమిషాల్లో ఎరుపు పోవాలి. పోతే మర్నాడు ఇంకో అరగంట పెంచుతాం. పోకపోతే ఆ రోజు కాలు వేయకూడదు, సాకెట్ సరిచేయాలి. ఈ నియమం అట్ట మీద రాసి గోడకు అంటించాం.

కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలుస్తాం. ఫిబ్రవరి చివర్లో కర్ర సాయంతో 31 సెకన్లు. ఆ దశకు మంచి అంకె. పండుగకు ఇంకా ఏడు వారాలుంది.

సాక్సుకు అంటుకున్నది

మార్చి రెండో వారంలో నడక మారింది. కుడి అడుగు పడగానే శరీరం ఎడమకు వాలిపోతోంది. "నొప్పిగా ఉందా?" అంటే "లేదు మేడం." రెండో రోజూ "లేదు మేడం." మూడో రోజు రాలేదు, జ్వరమన్నారు. నాలుగో రోజు వచ్చినప్పుడు బల్ల మీద కూర్చోబెట్టి కాలు విప్పమన్నాను. విప్పడానికి తటపటాయించింది. నేనే పట్టుకుని లాగాను. సాకెట్ వచ్చింది, సాక్సు రాలేదు. ముందు ఎముక చివర దగ్గర నూలు చర్మానికి అంటుకుపోయి గోధుమరంగుగా గట్టిపడి ఉంది. సెలైన్ పోసి తడిపి, అంచు నుంచి మెల్లగా తీశాను. అయిదు నిమిషాలు పట్టింది. కింద రూపాయి బిళ్ళంత పుండు. పక్కన చిన్న ఎముక తల మీద నీటిపొక్కు పగిలి ఉంది.

"ఎన్నాళ్ళైంది?"

"నాలుగు రోజులు."

"ఏం చేశావు?"

మేడ మీద, రాత్రి తొమ్మిది తర్వాత, ఫోనులో పాట పెట్టుకుని, కోలలు పట్టుకుని కోపులు సాధన చేసిందట. రోజుకు గంటన్నర. అరికాలు నేలను పట్టుకుని ఉండగా ఒళ్ళు గిర్రున తిరిగితే ఆ మెలి అంతా సాకెట్ లోపల చర్మం మీద పడుతుంది. నడకకు ఓర్చుకునే చర్మం ఆ రాపిడికి ఓర్చుకోదు. వారం పట్టదు పుండు పడడానికి.

నేను కోప్పడ్డాను. అప్పుడామె అన్న మాట నా నోట్సులో యథాతథంగా ఉంది: "రక్తం వచ్చినా ఆవిడ ఆపలేదు కదా మేడం. మీరే చెప్పారు ఆవిడ అన్నీ చేశారని."

నిజమే. కొత్తలో సాధన చేస్తుంటే స్టంప్ నుంచి రక్తం వచ్చేదని సుధా చంద్రన్ స్వయంగా చెప్పుకున్నారు. ఎక్కడ చదివినా ఆ ముక్క ఉంటుంది, ఎందుకంటే కథ చెప్పేవాళ్ళందరికీ ఆ ముక్కే ఇష్టం. పుండు మానడానికి పట్టిన రోజుల గురించి ఎవరూ చెప్పరు. నేనూ చెప్పలేదు. బోర్లా పడుకోబెట్టడానికి ఆ పేరు వాడుకున్నాను, పని అయింది, అక్కడితో వదిలేశాను. నా చేతిలోంచి వెళ్ళిన ఆ పేరు మేడ మీదికి ఎక్కి పిల్ల చేత గంటన్నర గెంతించింది.

మూడు వారాలు కాలు వేయకూడదని చెప్పాను. శ్రీరామనవమి పోయింది. ఏడవలేదు. చంక కర్రలు అందుకుని వెళ్ళిపోయింది. అలా వెళ్ళినప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది.

గడువు సంగతి

అమెరికన్, కెనడియన్ విశ్వవిద్యాలయాల్లో రోల్ మోడళ్ళ మీద చాలా పని జరిగింది. వాటిలో పెనెలోపి లాక్‌వుడ్, జీవా కుండా 1997లో ప్రచురించిన ఒక అధ్యయనం నాకు ఈ కేసులో దారి చూపింది. అకౌంటింగ్ విద్యార్థులకు అదే కోర్సులో అద్భుతంగా రాణించిన సీనియరు కథ చదివించారు. మొదటి సంవత్సరం పిల్లలకు ఉత్సాహం వచ్చింది, తమ మీద తమకు నమ్మకం పెరిగింది. చివరి సంవత్సరం పిల్లలకు ఆ మేలు జరగలేదు. కథ ఒకటే. ఆ స్థాయికి చేరడానికి మొదటివాళ్ళకు ఇంకా వ్యవధి ఉంది, రెండోవాళ్ళకు లేదు.

మా పిల్ల విషయంలో గడువును మేమే బిగించాం. అయిదు నెలల్లో కోలాటం అని అట్ట మీద రాసుకున్నప్పుడు మొదటి సంవత్సరం విద్యార్థినిని తీసుకెళ్ళి చివరి సంవత్సరం బెంచీలో కూర్చోబెట్టినట్టయింది. అభిమానించే మనిషి అంతే ఉంది. చేరడానికి వ్యవధి పోయింది. అది పోయాక ప్రతి ఫోటో ఒక నింద అవుతుంది.

ఆ నిందను ఇంట్లో ఒకరు రోజూ పంపిస్తున్నారని ఆ మూడు వారాల్లోనే తెలిసింది. హైదరాబాదులో ఉండే మేనమామ. మంచివాడు, ఆస్పత్రి ఖర్చులో సగం ఆయనే పెట్టుకున్నాడు. ఆయన ప్రతి ఉదయం ఒక వీడియో పంపుతాడు. అరుణిమా సిన్హాది ఎక్కువ. జాతీయ స్థాయి వాలీబాల్ క్రీడాకారిణి, 2011లో రైల్లోంచి దొంగలు తోసేస్తే కాలు పోయింది, 2013 మేలో ఎవరెస్టు ఎక్కారు. వీడియో కింద ఆయన రాసే వాక్యం: "ఆమె ఎవరెస్టు ఎక్కింది, నువ్వు మేడ ఎక్కలేవా?"

మేడ ఎక్కింది మరి.

తల్లిని పిలిచి కూర్చోబెట్టాను. "మీరు చూపించిన సినిమా మంచి పని చేసింది. అది మీ అమ్మాయి తను ఎంచుకుని పట్టుకుంది. ఇప్పుడు మాత్రం రోజుకొకటి ఇంకెవరో చేతికిస్తున్నారు" అన్నాను. ఆవిడకు వెంటనే అర్థమైంది. "తమ్ముడికి నేను చెబుతానమ్మా. వాడికి ఏం మాట్లాడాలో తెలియక అవి పంపుతున్నాడు" అంది. నా ఇన్నేళ్ళ అనుభవంలో బంధువుల గురించి ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు. వీడియోలు ఆగిపోయాయి. ఆయన వారానికోసారి ఫోను చేసి కాలేజీ కబుర్లు అడగడం మొదలుపెట్టాడు.

మధ్యలో ఏముంది

నా భాగం నేను సరిదిద్దుకోవాలి. సుధా చంద్రన్ పేరు ఎత్తకుండా మానేయడం తేలిక. కానీ ఆ అమ్మాయి మనసులో ఉన్న మనిషిని నేను తీసేయలేను, తీసేయకూడదు కూడా. అందుకని ఆ మనిషినే ఇంకొంచెం దగ్గర నుంచి చూపించాలనుకున్నాను.

తెల్లకాగితం మీద పొడవుగా గీత గీశాను. ఒక చివర 1981, రెండో చివర 1984. కింద ఇంకో గీత, ఒక చివర నవంబరు, రెండో చివర ఏప్రిల్. రెండూ ఒకే కొలతలో గీశాను కనుక కింది గీత పైదానిలో ఆరో వంతు కూడా లేదు. మాటల్లో ఎంత చెప్పినా కనపడనిది అక్కడ కనిపించింది.

"ఈ మధ్యలో ఏముంది?" అని పై గీత చూపించాను.

"ప్రాక్టీసు."

"ఇంకా?"

చాలాసేపు ఆలోచించింది. "నాకులాగే బ్యాండేజీ చుట్టుకుని ఉంటారు. వాపు దిగి ఉంటుంది. సాకెట్ వదులై ఉంటుంది. మళ్ళీ చేసి ఉంటారు." ఒక్కొక్కటీ గీత మీద తనే రాసింది. తర్వాత పెన్ను ఆపి, "పుండు పడితే ఎన్ని రోజులు ఆగి ఉంటారు?" అంది. ఆ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తున్నాను. నాకు తెలియదని చెప్పాను. ఆగకుండా ఉంటే 1984 వరకు ఆ కాలు మిగిలి ఉండేది కాదని మాత్రం నా వృత్తి మీద ఒట్టేసి చెప్పాను.

తర్వాత ఫోనులో ఒక వీడియో చూపించాను. 2021 అక్టోబరులో సుధా చంద్రన్ ప్రధానమంత్రిని ఉద్దేశించి పెట్టినది. విమానాశ్రయంలో భద్రతా తనిఖీ జరిగిన ప్రతిసారీ తన కృత్రిమ కాలు విప్పి చూపించమంటున్నారని, పరికరంతో పరీక్షించమని అడిగినా వినడం లేదని, అలా అడగకుండా ఉండేందుకు ఒక కార్డు ఇప్పించమని ఆమె అందులో కోరారు. గొంతులో అలసట, బాధ స్పష్టంగా తెలుస్తాయి. ఆ తర్వాత భద్రతా దళం సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది.

ఆ అమ్మాయి వీడియోను రెండుసార్లు చూసింది. "ఆవిడను కూడా విప్పమంటారా? ఇంత పేరొచ్చాక కూడా?" అంది.

"అవును."

"అంటే రాత్రి పడుకునేటప్పుడు ఆవిడ కూడా విప్పి పక్కన పెడతారు."

"అందరూ అంతే."

అప్పుడు ఏడ్చింది. కాలు పోయిన నాలుగున్నర నెలల్లో నా ముందు ఏడవడం అదే మొదటిసారి. ఎందుకని నేను అడగలేదు. వెళ్ళేటప్పుడు తనే అంది: "సినిమాలో చివర్న డాన్సు అయిపోగానే అంతా అయిపోయినట్టు ఉంటుంది మేడం. ఇది అయిపోదు కదా. ఆవిడకు కూడా అయిపోలేదు."

ఆ రోజు తర్వాత అభిమానం తగ్గలేదు, ఇంకా పెరిగింది. అడిగే ప్రశ్నలు మారాయి. భరతనాట్యంలో మోకాళ్ళు వంచి నిలబడే అరమండికి మోకాలు ఎంత వంగాలి, సాకెట్ వెనుక అంచు అడ్డం రాదా? తట్టు అడుగు వేసినప్పుడు దెబ్బ ఎక్కడ తగులుతుంది? సాక్సులు ఎన్ని వేసుకుంటారో? వీటిలో కొన్నింటికి నా దగ్గర జవాబు ఉంది, కొన్నింటికి కాలు తయారుచేసే టెక్నీషియన్ను అడిగాం. ఆరాధన ఇలా ప్రశ్నలు అడిగే స్థితికి వస్తే నాకు ధైర్యం వస్తుంది. గోడ మీద ఫోటోను తదేకంగా చూసేవాళ్ళ కంటే ఆ ఫోటోలో పాదం ఎటు తిరిగి ఉందో గమనించేవాళ్ళు తొందరగా నడుస్తారు.

ఇంకొకరి గురించి కూడా చెప్పాలి. అదే సమయంలో మా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డు ఆర్టీసీ డ్రైవరు ఉన్నారు. షుగరుతో కాలు పోయింది, ఆమె బాబాయి గారు అని పిలిచేది. సాకెట్ వేసుకునే ముందు సాక్సు ముడత పడకుండా ఎలా లాగాలో, వానాకాలంలో చెమట పడితే మధ్యలో ఎక్కడ ఆగి తుడుచుకోవాలో ఆయన నేర్పారు. అవి నేను చెప్పినా పట్టించుకోని సంగతులే. ఆయన గురించి ఎప్పుడూ "నాకు స్ఫూర్తి" అనలేదు. ఆయన రాని రోజు మాత్రం "బాబాయి గారు రాలేదా?" అని రెండుసార్లు అడిగేది. మనిషికి దూరాన ఒకరు, పక్కన ఒకరు కావాలేమో. దూరాన ఉన్నవారు ఎటు వెళ్ళాలో చూపిస్తారు. సాక్సు ముడత మాత్రం పక్కనున్నవారే సరిచేయగలరు.

ఆ తర్వాత ఏడాది

మిగతాది మామూలు చికిత్సే, త్వరగా చెబుతాను. ఏప్రిల్ మూడో వారంలో పుండు మానింది. మళ్ళీ అరగంట నుంచి మొదలుపెట్టాం. లేచి నడిచి కూర్చునే పరీక్ష 36 సెకన్లకు వెనక్కి పోయింది, జూన్‌కు 19కి వచ్చింది. ఆగస్టులో స్టంప్ బాగా తగ్గి అయిదు సాక్సులు వేసినా గిన్నె వదులవడంతో కొత్త సాకెట్ చేయించాం. ఆ తర్వాత కర్ర వదిలేసింది. కాలేజీకి బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది. డిసెంబరుకు 11 సెకన్లు.

కోలాటం దసరాల్లో మొదలైంది, నిలబడి కాదు. వలయం మధ్యలో కుర్చీ వేసుకుని పాట అందిస్తూ, కోలలతో తాళం వేసింది. కోపు మార్చే కేక ఆమెదే. జనవరి నుంచి మా దగ్గర నేల మీద సుద్దతో వలయం గీసి సాధన చేశాం. కుడి కాలి మీద తిరగాల్సిన ప్రతి చోటా ఎడమ కాలి మీద తిరిగేలా అడుగులు మార్చాం. ఒళ్ళు తిప్పే ముందు కుడి మడమ లేపడం ఆమే కనిపెట్టింది. అరికాలు నేల వదిలితే మెలి చర్మం మీద పడదు. ఇది నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. ఇప్పుడు నేను ఇతర రోగులకు నేర్పుతున్నాను. పది నిమిషాలు ఆట, విప్పి చర్మం చూసుకోవడం, మళ్ళీ పది నిమిషాలు. అట్ట మీద లక్ష్యం మళ్ళీ రాసింది, ఈసారి తేదీ వేయలేదు: "నాలుగు కోపులు, ఎరుపు పది నిమిషాల్లో పోవాలి."

రెండో శ్రీరామనవమికి నన్ను పిలిచింది. వెళ్ళాను. గుడి ముందు చలువ పందిరి, కింద నీళ్ళు చల్లిన నేల, పానకం బిందెలు. పదహారు మంది ఒకే రంగు చీరల్లో ఉన్నారు. ఎవరిది ఏ కాలో తెలియని వాళ్ళకు మొదటి రెండు కోపుల్లో తేడా కనిపించదు. మూడో కోపులో ఒక్కచోట ఆలస్యమైంది, పక్కన ఆడే పిల్ల కోల ఒక క్షణం గాల్లో ఆపి అందుకుంది. నాలుగో కోపు అయ్యాక ఆమె పక్కకు వచ్చి అరుగు మీద కూర్చుంది. జడకోలాటంలో తాళ్ళు పట్టుకుని ఒకరి కిందుగా ఒకరు వేగంగా తిరగాలి, అది ఆమె ఆడదు. ఆడకూడదని మేమిద్దరం అనుకున్నదే. ఊరంతా చూస్తుండగానే చీర కుచ్చెళ్ళు పక్కకు తీసి, కాలు విప్పి, తడిసిన సాక్సు తీసి, స్టంప్‌ను తువ్వాలుతో తుడిచి, చేతి అద్దంతో కింద చర్మం చూసుకుంది. పొడి సాక్సు వేసి కాలు తొడుక్కుంది. ఒక చిన్న పిల్ల వచ్చి ఎదురుగా నిలబడి చూసింది. "నొప్పి పుడుతుందా అక్కా?" అని అడిగింది. "ఇప్పుడు పుట్టదు, ఎక్కువసేపు ఆడితే పుడుతుంది" అని చెప్పింది.

మర్నాడు ఊళ్ళో ఎవరో ఆ కోలాటం వీడియో తీసి పెట్టారు. మొదటి రెండు కోపులు కత్తిరించి, వెనుక సంగీతం పెట్టి, "మన ఊరి మయూరి" అని రాశారు. వేలమంది చూశారు. ఆమె వాళ్ళింటికి వెళ్ళి తీసేయమంది. ఎందుకన్నారు, నీకు మంచి పేరే కదా అన్నారు.

"నేను సాక్సు మార్చుకున్నది కూడా పెడితే ఉంచండి అన్నాను మేడం. అది బాగుండదన్నారు. అయితే తీసేయండి అన్నాను."

తీసేశారు. స్టంప్ ఇంకొంచెం తగ్గింది. మూడో సాకెట్ కొలతలకు వచ్చే నెల రమ్మన్నాను.